దాపటి పక్క మేకు

ఒక తప్పు ముందే ఒప్పుకుంటాను. ఆ రోజు నేను రాసిన రెండు మాటల్లో అక్షరదోషం ఒక్కటీ లేదు. ‘ఎడమ’ అని రాశాను, ‘కుడి’ అని రాశాను. ఎర్ర రంగు, పసుపు అంచు, కింద సన్నటి నీడ. చూసినవాడు అక్కడే ఆగిపోయేటట్టు కుదిరాయి. ఎడమ చేతి పక్క ఎడమ, కుడి చేతి పక్క కుడి. ఆ రెండు మాటల వల్ల ఒక ఆడమనిషి ప్రాణం పోవాల్సింది. పోలేదు. ఆ పోకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు, అంతా చిన్న ఈరన్నదే. అందుకే ఈ నాలుగు ముక్కలూ ఆయన గురించి.

చిన్న ఈరన్నది ఆలూరు పక్క నల్లరేగడి పల్లె. ఇంట్లో పెద్దోడి పేరు కూడా ఈరన్నే. ఇద్దరూ ఒకే దేవుడికి మొక్కుకుంటే పుట్టారు, ఒకడికి పేరు పెట్టి ఇంకొకడికి పెట్టకపోతే స్వామికి కోపమొస్తుందని వాళ్లమ్మ భయపడింది. పదేళ్ల వయసు నుంచి చిన్నోడు ఎద్దుల వెనక నడిచాడు. పొద్దున లేచి కాడి కట్టింది మొదలు చీకటి పడేదాకా ఆయనకు లోకం రెండు ఎద్దుల వీపుల నడుమ నుంచే కనపడేది. ఎవరైనా దారి అడిగితే కుడి, ఎడమ అని చెప్పడం ఆయనకు రాదు. దాపట, వలపట అనేవాడు. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది వలపటెద్దు. వెనక ఉండి తోలేవాడికి దాపటెద్దు ఎడమ చేతి పక్క ఉంటుంది. ఎదురుగా వచ్చేవాడికి అదే ఎద్దు కుడి చేతి పక్క కనపడుతుంది. వాడికి ఎట్లా కనపడినా దాని పేరు మారదు. అది దాపటెద్దే.

ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి. నాకు గుర్తు పెట్టుకోవాల్సిన అవసరం ఉందని తెలిసేలోపే పని జరిగిపోయింది.

వరసగా రెండేళ్లు వాన పడలేదు. చొప్ప అయిపోయింది, ఇంటి కప్పు మీది బోద కూడా అయిపోయింది. వలపటెద్దు చచ్చిపోయింది. దాపటిది, నల్లటిది, నిలబడలేక నిలబడుతూ ఉంటే సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. అమ్మే ముందు దాని కాలి నాడా వదులైందని చూసి, ఒక మేకు ఊడబెరికి రొండిన దోపుకున్నాడు. ఎందుకు పెరికావని చాన్నాళ్ల తర్వాత నేను అడిగాను. తెలీదన్నాడు. చేయి ఊరకే ఉండలేకపోయిందన్నాడు.

ఆ మేకుతోనే కర్నూలు చేరాడు. ఒక ఆస్పత్రిలో నీళ్లు మోసే పని దొరికింది. రెండేళ్లకు ఆ ఆస్పత్రికి ఎక్స్‌రే మిషను వచ్చింది. పెట్టెలు బండి మీద నుంచి దించింది ఈరన్నే. దాన్ని బిగించి నడపడానికి మద్రాసు నుంచి శాంతయ్య అని ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు తోడు ఉండే మనిషి కావాల్సి వస్తే, బరువులు ఎత్తేవాడు కదా అని ఈరన్నను ఇచ్చారు. శాంతయ్య ఒకటే చూశాడట. అందరూ ఫిలిం చేతికిస్తే బొమ్మ చూస్తారు. ఈరన్న మాత్రం ఫిలింను, రైతు నేల చూసినట్టు చూశాడు. అయిదేళ్లకు శాంతయ్య ఊరికి పోయాడు, మిషను ఈరన్న చేతికి వచ్చింది. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు ముక్క రాదు. కుడి చేతి రెండు వేళ్ల కొసలు ఆ మిషను వెలుగుకే మాడి, గోళ్లు పగిలి, చింతపిక్కల్లాగా అయిపోయాయి. వాటి గురించి ఎవరైనా అడిగితే చేయి పంచె మడతలో పెట్టుకుంటాడు.

ఇక నేల చూసినట్టు చూడటం అంటే ఏమిటంటే, తల ఎముక ఫిలిం మీద రకరకాల గీతలు ఉంటాయి. కొన్ని పుట్టుకతో వచ్చే అతుకులు, గజిబిజిగా, అవ్వ గోనెసంచి కుట్టినట్టు ఉంటాయి. వాటినే మనవాళ్లు బ్రహ్మరాత అంటారు. ఇంకొన్ని సన్నటి కాలువల్లాగా చెవి ముందు నుంచి పైకి పాకి, కొమ్మలు వేసి, పోయేకొద్దీ సన్నబడి కనపడకుండా పోతాయి. అవి నెత్తురు పారే నరాలు ఎముక లోపలి పక్క ఒత్తుకుని చేసుకున్న దారులు. ఈరన్న వాటిని వంకలు అనేవాడు, వాన నీళ్లు పారే వాగుల్లాంటి వంకలు. దెబ్బ తగిలి పగిలిన గీత వేరుగా ఉంటుంది. అది కొమ్మలు వేయదు, సన్నబడదు, అంచు పదునుగా ఉంటుంది. దాన్ని నెర్రె అనేవాడు, ఎండాకాలం రేగడి నేలలో పడే నెర్రె. 

నరం ఫొటోలో పడదు గదా, నీకెట్ల తెలుస్తుందని ఒకసారి నేను ఎగతాళిగా అడిగాను. “నీళ్లు లేకుంటే వంక యాడుండేదీ కనపడదా నీకు? ఇసక సూసి సెప్పలేవా?” అన్నాడు. కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా, మనిషిని ముట్టుకోకుండా, ఆ మనిషి తలలో నెత్తురు యాడ పారుతుందో ఆయన చెప్పేవాడు. నెర్రె ఒక్కటే ఉంటే అంత భయం లేదనీ, వంక ఒక్కటే ఉంటే అది అందరికీ ఉండేదేననీ, నెర్రె వంకకు అడ్డం పడితే మాత్రం లోపల నరం తెగి ఉంటుందనీ, డాక్టరును పరుగెత్తించాలనీ ఆయన లెక్క. సర్జను శ్రీనివాసులు గారు నందికొట్కూరు పక్క రైతు బిడ్డ. పెద్ద పెద్ద చదువులు చదివొచ్చి కూడా ఫిలిం చేతికి తీసుకుని ముందు అడిగే మాట అదే: “ఈరన్నా, వంక దాటిందా?”

నాకూ ఆయనకూ స్నేహం ఎట్లా కుదిరిందో కూడా చెప్పాలి. కర్నూలు రాజధాని అయిన కొత్త అది. డేరాల్లో ఆఫీసులు, సావిట్లో ఆఫీసులు. ప్రతి ఆఫీసుకూ ఒక బోర్డు, బోర్డు రాసేవాడికి పని. నేను బడికి పోయినవాణ్ణి కాదు. అంగళ్ల పేర్లు గీసి గీసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆస్పత్రిలో తలుపుల మీద పేర్లు రాయమంటే పోయాను. ఎక్స్‌రే గది తలుపు మీద రాయమన్నది రాసి, కింద సుద్దతో ‘ఈడ బ్రహ్మరాత చదవబడును’ అని నా సొంత ముక్క ఒకటి కలిపాను. మరుసటి రోజు ఆ తలుపు ముందర ఇరవై మంది కూర్చున్నారు. పెండ్లి ఎప్పుడవుతుందని ఒకడు, వ్యాజ్యం గెలుస్తానా అని ఒకడు. ఈరన్న బయటికొచ్చి, తలుపు చూసి, దూరంగా నిలబడి నవ్వు ఆపుకుంటున్న నన్ను చూశాడు. వాళ్లతో ఏమన్నాడంటే, బ్రహ్మ రాసిన మాట నిజమే, అయితే ఆయన దస్తూరీ కూడా ఈ బోర్డు రాసే పిల్లోడి మాదిరే ఉండాది, అదేందో ఎవరికీ తెలీదు, ఇండ్లకు పోండి అన్నాడు. ఆ రోజు నుంచి పనున్నా లేకపోయినా నేను ఆ గదికి పోతూ ఉండేవాణ్ణి.

ఆయన పని చేసే తీరు చూడముచ్చటగా ఉండేది. తలకు ఫొటో అంటే ముందు తలలో ఉన్న ఇనుమూ బంగారమూ అంతా తీయించేవాడు. కొప్పులో సూదులు, చెవుల కమ్మలు, ముక్కుపుడక, తాయెత్తు. ఒకాయన తలగుడ్డ తీయనంటే, నీ తలగుడ్డకు కాదప్పా జబ్బు అని తనే విప్పి మడత పెట్టి ఆయన ఒళ్లో పెట్టాడు. మనిషి కదలకుండా ఉండటానికి, బండి ఆపేటప్పుడు ఎద్దులతో అనే ‘హో... హో’ అనే మాటే మెల్లగా చెవి దగ్గర అనేవాడు. కరణమైనా మేస్త్రీ అయినా ఆ మాటకు కదలకుండా నిలబడేవాళ్లు. ఫిలిం మీద ఏ పక్క ఏదో తెలియడానికి అందరూ ఇంగ్లీషు అక్షరాలు పెడతారు. ఈరన్న ఆ అక్షరాల బదులు ఎద్దు నాడా మేకును ఫిలిం పెట్టె మీద అతికించేవాడు. ఎప్పుడూ ఒకటే పక్క. మేకు ఎటుంటే అటు రోగి దాపట, అంటే ఎడమ. అమ్ముకున్న ఎద్దు మేకు కదా, అది ఇంకో పక్కకు పోదు.

ఫిలింలు పెట్టి చూసే దీపం పెట్టె ఒకటి గోడకు ఉండేది. రోగి మనకు ఎదురుగా నిలబడినట్టే ఫిలింను తగిలిస్తారు. కాబట్టి రోగి ఎడమ మన కుడి చేతి పక్కకు వస్తుంది. ఈరన్న ఆ పెట్టె మీద సుద్దతో మన కుడి పక్క ‘దా’ అనీ, ఎడమ పక్క ‘వ’ అనీ రాసి పెట్టుకున్నాడు. నేను చాలా రోజులు ఆ రెండు అక్షరాలూ చూశాను. దాపటంటే ఎడమని నాకు తెలుసు. కుడి పక్క ‘దా’ రాసుకున్నాడంటే ఈ పెద్దమనిషి తన అక్షరాలు తారుమారుగా రాసుకున్నాడని నవ్వుకున్నాను. ఇన్నేళ్లు ఎద్దులు తోలి, మిషను తోలి, ఇంకా ఏ చేయి ఏదో తెలీదని పదిమందిలో ఆటపట్టించవచ్చుననుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి పోయాడు. నేను తలుపు మీద ‘లోపలికి రాకూడదు’ రాస్తున్నాను, కుంచెలో రంగు మిగిలింది. సుద్ద తుడిచేసి, ఎడమ పక్క ‘ఎడమ’ అనీ కుడి పక్క ‘కుడి’ అనీ రాశాను. వచ్చి చూసి నా చెవి పట్టుకుంటాడని చెవి సిద్ధంగా పెట్టుకుని మూలన కూర్చున్నాను.

ఆయన రావడమూ బండి రావడమూ ఒకటే అయింది.

నందికొట్కూరు దారిలో చొప్ప బండి మీద నుంచి ఒకామె పడిపోయింది. పేరు ఉరుకుందమ్మ, ముప్పై ఏళ్లు ఉంటాయి. పడేటప్పుడు తల చక్రం కమ్మికి తగిలి, మళ్లీ నేల మీద రాతికి తగిలిందట. కుడి చెవి పైన కోడిగుడ్డంత వాపు. మొగుడు బసవన్న అదే బండిలో తీసుకొచ్చాడు. మొదటి రెండు మైళ్లు ఆమె ఆయన్ను తిడుతూనే ఉందనీ, బండి తోలడం రాదనీ, ఆయనకన్నా ఎద్దులకే బుద్ధుందనీ అన్నదనీ, ఆ తర్వాత కునికిపాట్లు పడిందనీ చెప్పాడు. చెప్పి ఈరన్న చేయి పట్టుకున్నాడు.

“నోరు మూసుకుందప్పా. నా పెండ్లాము నోరు మూసుకునే మనిషి కాదు. ఎట్లన్నా తిట్టేటట్టు చేయప్పా.”

ఈరన్న స్వామి ఊరి పేరు పెట్టుకున్నావు తల్లీ, ఊరకే పోతావా అని మెల్లగా అనుకుంటూ ఈరన్న ఆమెను బల్ల మీదికి తీసుకున్నాడు. ముక్కుపుడక తీశాడు. కుడి చెవికి కమ్మ లేదు, దారిలోనే రాలిపోయింది. ఎడమ చెవి కమ్మ మర బిగుసుకుపోయి తిరగలేదు. మాడిన వేళ్లతో మూడు సార్లు తిప్పి, చిరాకుపడి, ఉండనీ అని వదిలేశాడు. తన రూలు తనే తప్పడం అదే మొదటిసారి. మేకు అతికించి ఎదురు ఫిలిం ఒకటి, పక్క ఫిలింలు రెండు తీసి చీకటి గదిలోకి పోయాడు.

ఎదురు ఫిలిం ముందు తయారైంది. వారం కిందటే చేరిన చిన్న డాక్టరు, మద్రాసులో పుట్టి పెరిగినవాడు, ఆత్రంగా తడి ఫిలింనే తీసుకుని దీపం పెట్టెకు తగిలించాడు. నెర్రె కనపడింది. ఇంగ్లీషు అక్షరం కోసం వెతికితే లేదు, మేకు సంగతి ఆయనకు తెలీదు. పెట్టె మీద మాత్రం ముద్దొచ్చే అక్షరాలున్నాయి. నెర్రె ఉన్న పక్క ‘కుడి’ అని ఉంది. వాపు కూడా కుడి పక్కే. ఆయన చీటీ మీద కుడి అని రాసి ఆపరేషను గదికి పంపించి, వెనకనే పరుగెత్తాడు. నేను మూలన కూర్చుని ఇదంతా చూశాను. నా దస్తూరీ డాక్టర్లకు కూడా పనికొచ్చిందని లోపల పొంగిపోయాను కూడా. అదీ రాయాలి కదా, రాస్తున్నాను.

ఈరన్న పక్క ఫిలింలు రెండూ పట్టుకుని బయటికి వచ్చాడు. ఒకదాంట్లో వంక కొమ్మ చీలే తావులోనే, దానికి అడ్డంగా, వెంట్రుకంత పదునుగా నెర్రె. దాన్ని చూస్తూనే వచ్చి పెట్టె ముందర ఆగాడు. పెట్టె మీద రాసింది కూడబలుక్కుని చదివాడు. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. నా చెవి పట్టుకోలేదు.

“ఇది సూసి పోయినాడా డాక్టరు?”

పోయినాడన్నాను. ఏమని రాసుకున్నాడో అడిగాడు. కుడి అని చెప్పాను.

ఆ మనిషి పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. ఎదురు ఫిలిం పీకి, మూడూ పట్టుకుని, పంచె ఎగదోపుకుని, వసారా పొడుగూతా నీళ్లు కార్చుకుంటూ పరుగు. ఎందుకు పరుగెడుతున్నాడో సగం దారిలో నాకు అర్థమైంది. ఎదురుగా నిలబడినవాడి ఎడమ ఎటుంటుందో అప్పుడు తట్టింది.

ఆపరేషను గది తలుపు దగ్గర నర్సు సంతోషమ్మ అడ్డం నిలబడింది. మట్టి కాళ్లతో లోపలికి రాకూడదంది. ఈరన్న గొంతు పెంచలేదు. తప్పు పక్క కోస్తాండారమ్మా అన్నాడు. ఆమె తప్పుకుంది.

లోపల ఉరుకుందమ్మ తల కుడి పక్క గొరిగేశారు, మందు పూశారు. ఎడమ పక్క కిందికుంది, గుడ్డ కప్పి ఉంది. ఊపిరి గురక లాగా వస్తోంది. శ్రీనివాసులు గారు చేతులకు తొడుగులు వేసుకుని కత్తి కోసం చేయి చాపి ఉన్నారు.

“దాపట, సార్. నెర్రె దాపట ఉండాది. వంక దాటింది.”

చిన్న డాక్టరుకు దాపటంటే తెలీలేదు. వాపు కనపడుతోంది కదా, ఫిలిం చూసి నేనే రాశాను కదా, ఈయన ఎవరు అన్నాడు. సర్జను గారికి తెలుసు, చిన్నప్పుడు నాయన బండి తోలినవాడు. కత్తికి చాపిన చేయి వెనక్కి తీసుకున్నారు. ఫిలిం కిటికీ వెలుతురుకు పెట్టమన్నారు. మేకు ఉన్న పక్కే నెర్రె ఉంది.

“తొందరలో మేకు ఇంకో పక్క పెట్టింటావేమో ఈరన్నా. ఒక పక్కే కోసే టైముంది నాకు. తప్పితే మనిషి మిగలదు.”

ఆ క్షణం గురించి తర్వాత ఈరన్నే చెప్పాడు. పదేళ్లుగా ఒక్కసారి కూడా మేకు తప్పు పెట్టలేదట. అయితే ఆ రోజు కూడా దాపటే పెట్టినట్టు చేతికి గుర్తుంది గానీ కంటికి గుర్తు రాలేదట. తన మాటే నెగ్గాలనే పంతానికి పోతే, మేకు తప్పదు సార్ అని ఉండేవాడు. ఆ పంతం మీద ఒక మనిషి ప్రాణం పెట్టడమా అనిపించిందట. ఫిలింను మళ్లీ చూశాడు, మేకు వదిలేసి, మొత్తం నేల చూసినట్టు చూశాడు. నెర్రె పక్కనే కొంచెం కిందుగా, తెల్లగా, గుండ్రంగా ఒక చుక్క.

“మేకును నమ్మద్దండి సార్, నన్నూ నమ్మద్దండి. ఆయమ్మకు ఒక చెవికే కమ్మ ఉండాది, నాకు ఊడి రాలేదు. ఫొటోలో కమ్మా నెర్రే ఒకే పక్క ఉండాయి. కమ్మ ఏ చెవికుందో మీరే సూడండి.”

సంతోషమ్మ గుడ్డ ఎత్తింది. ఎడమ చెవికి ఎర్రరాయి కమ్మ.

తల తిప్పారు, ఎడమ పక్క గొరిగారు. పక్క ఫిలింలో నెర్రె వంకను దాటిన తావు ఈరన్న మాడిన వేలితో చూపించాడు. సర్జను గారు సరిగ్గా అక్కడే ఎముకకు చిన్న రంధ్రం పెట్టారు. గడ్డకట్టిన నల్లటి నెత్తురు వచ్చింది, దాని వెనక తెగిన నరం నుంచి ఎర్రది. నరం కట్టేశారు. గురక తగ్గింది. ఈరన్న అప్పటిదాకా ఫిలింలు ఎత్తి పట్టుకునే ఉన్నాడు. దించమని చెప్పేవాళ్లు లేక దించలేదు.

మూడో రోజు ఉరుకుందమ్మ కండ్లు తెరిచి, చెవులు రెండూ తడుముకుని, మొగుడితో అన్న మొదటి మాట నేనూ విన్నాను. “నా రెండో కమ్మ యాడబెట్టినావు?” బసవన్న వసారాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు. తిట్టిందప్పా, తిట్టింది అని దారిన పోయే అందరికీ చెప్పుకున్నాడు.

పెట్టె మీద ఆ రాతలు ఎవరు రాశారని విచారణ జరిగింది. చిన్న డాక్టరు నిజంగానే కుమిలిపోయాడు, రాసినవాణ్ణి ఊరికే వదలకూడదన్నాడు. నేను మూటా ముల్లె సర్దుకుని సిద్ధంగా ఉన్నాను. ఈరన్న మాత్రం, గది నాదీ పెట్టె నాదీ, దాని మీద ఏముందో సూసుకోవాల్సింది నేనే సార్ అని తన మీద వేసుకున్నాడు. సర్జను గారు ఆయన మొహమూ, రంగు అంటిన నా చేతులూ మార్చి మార్చి చూసి, తుడిపించమని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే చిన్న డాక్టరు ఎక్స్‌రే గదికి వచ్చి, ఈరన్న పక్కన ముక్కాలి పీట వేసుకుని, వంక ఏదో నెర్రె ఏదో చూపించమని అడిగాడు. తర్వాత రోజూ వచ్చేవాడు.

నేను కిరసనాయిలు తెచ్చి నా ముద్దొచ్చే అక్షరాలు నేనే రుద్దాను. ఎర్ర రంగు పోయింది గానీ పసుపు అంచు సగం పట్టుకునే ఉంది. అక్కడ మళ్లీ ‘దా’, ‘వ’ రాయమన్నాడు, ఈసారి రంగుతో. నా మీద అరిస్తే బాగుండేది. అరవకపోయేసరికి నోరు ఊరుకోలేక, నీ గురించి నాలుగు ముక్కలు రాస్తాను ఈరన్నా, ఏ పక్క నుంచి మొదలుపెట్టేది అని అడిగాను.

ఆయన మేకును పంచె కొసతో తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

“యా పక్కనుంచైనా మొదలుపెట్టుకో. నా ఎదురుగా నిలబడి మాత్రం రాయద్దు, మళ్ల తిరగేసి రాస్తావు. ఎనకాల నిలబడి రాయి. దూరంగా కాదు, దగ్గరగా నిలబడు. తన్నితే అందాల.”